ఒక్కసారీ తొడగని జాకెట్టు

లలితకుమారికి పాతబట్టలు కొనే అలవాటు యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయి వచ్చాకే పట్టుకుంది. ఒకరు వాడి వదిలేసిన బట్టల్ని అమ్ముకునే యాప్ ఒకటి ఆవిడ ఫోన్లో ఉంది. ఫొటోల్లో చూస్తే ప్రతిదీ పెళ్ళికూతురి బీరువాలోంచి తీసినట్టే ఉంటుంది. పొట్లం చేతికొచ్చి విప్పాక కడుపు మండుతుంది. నడుం కుదిరింది భుజాల దగ్గర వేలాడుతుంది. భుజాలు కుదిరింది చేతికెక్కదు. మీడియం అని రాసినవాళ్ళు ఏ మనిషిని చూసి రాశారో ఆ దేవుడికే తెలియాలి. వెనక్కి పంపుదామంటే అమ్మినవాళ్ళు ఫోనెత్తరు.

"వాడగా వాడగా అదే సర్దుకుంటుందిలే" అనేది లలితకుమారి.

అస్తమానం ఆవిడ అనే మాట అది. ఒక్క బట్టల గురించే కాదు. రెడ్డియార్‌పాళయంలో తాము అద్దెకున్న మేడమీద వాటాలో వంటింటి కిటికీ మూతపడకపోయినా అదే మాట. ఆఫీసులో అందరూ తమిళంలో నవ్వుకుంటూ తనను పక్కన పెట్టేసినా అదే మాట. భర్త సత్తిరాజు యానాంలో రొయ్యల చెరువులు వదిలి రానంటూ ఫోన్లోనే కాపురం చేస్తున్నా అదే మాట. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆవిడ సర్దుకుంటూనే ఉంది. ఇంతగా సర్దుకున్నందుకు ఎవరూ మెచ్చుకోలేదు సరికదా, ఇంకాస్త సర్దుకోమన్నారు.

ఈ పాతబట్టల సంగతి కూతురు వెన్నెలకు మాత్రం తెలియనిచ్చేది కాదు. దానికి కారణం ఉంది. యానాంలో ఉండగా ఎవరో ఇచ్చిన గౌను వేసుకుని బడికి వెళ్తే, "అది మా అక్క గౌను, ఇదిగో ఇక్కడ సిరా మరక" అని ఒక పిల్ల అందరి ముందూ చూపించి నవ్వింది. వెన్నెల ఆ రోజు అన్నం ముట్టలేదు. "ఒకళ్ళు విడిచింది నాకు వద్దమ్మా, చిరిగినా నాదే వేసుకుంటాను" అని ఏడ్చింది. అందుకని లలితకుమారి పొట్లాలు ఆఫీసుకే తెప్పించుకునేది. ఉతికించి, ఇస్త్రీ చేయించి, నెహ్రూ వీధి బట్టలకొట్టు సంచి ఒకటి దాచుకుని అందులో పెట్టి తెచ్చేది. "కొత్తదే" అనేది. పిల్ల నమ్మేది. నమ్మినట్టు ఉండేదో ఏమో. కుదరనప్పుడు మాత్రం నోరు తెరిచేది. "అమ్మా, చంక కింద పట్టేస్తోందే" అనేది. వెంటనే తల్లి నోట ఆ పాత మాటే వచ్చేది.

వెన్నెల ఇప్పుడు ప్లస్ టూ చదువుతోంది. ఈ ఊరొచ్చి రెండో ఏడు నడుస్తున్నా ఒక్క స్నేహితురాలూ లేదు. అలాంటి పిల్లను, పుదుచ్చేరి విమోచన దినానికి బీచ్ రోడ్డులో జరిగే సంబరాల్లో బడి తరఫున ఆడే నాట్యానికి ఎంచుకున్నారు. అదీ ముందు వరసలో. ముదురు ఎరుపు పట్టు లంగా ఓణీ కావాలన్నారు. ఆ రోజు వెన్నెల మొహంలో వెలుగు చూసి లలితకుమారికి ఏడుపొచ్చినంత పనైంది. నా బిడ్డ ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగాలి, ఒక్కసారైనా, అనుకుంది.

యాప్‌లో దొరికింది. ముదురు ఎరుపు పట్టు పావడ, ఇక్కడివాళ్ళు దావణి అనే ఓణీ పసుపుది, కుట్టిన జాకెట్టు. "ఒక్కసారి కూడా తొడగలేదు" అని రాసి ఉంది. అమ్మే అబ్బాయి పేరు ఇళవరసన్. ఊళ్ళోవాడే, మురుంగపాక్కం. పొట్లం తానే తెచ్చి ఆఫీసు గేటు దగ్గర ఇచ్చాడు. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళట. మాట తెలుగే గాని సగం తమిళంలా వినిపించింది.

"నిజంగా ఎవరూ తొడగలేదా బాబూ?"

"లేదక్కా. కొలతకు కుట్టిచ్చి పెట్టెలో పెట్టింది. అంతే."

"ఎవరి కొలతకి?"

అబ్బాయి బండి స్టార్ట్ చేస్తూ ఆగాడు. "మా ఇంట్లోవాళ్ళదే అక్కా. వాళ్ళకిప్పుడు అక్కరలేదులే" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. లలితకుమారి ఇంటికొచ్చేసరికి వీధంతా నీళ్ళు, కరెంటు లేదు. వెన్నెల ఇంకా నాట్యం సాధనలోనే ఉంది. దేవుడి దగ్గర దీపం వెలిగించుకుని, ఆ వెలుగులో పొట్లం విప్పింది. గుప్పున వాసన కొట్టింది. కర్పూరం, వేపాకు, పసుపు. ఆ మూడింటి కింద మరో వాసన ఉంది, తడి జుట్టుని ఆరబెట్టకుండా ముడేసుకుంటే వచ్చేలాంటిది. మడతల్లోంచి ఎండిన మల్లెమొగ్గలు నాలుగు రాలాయి. ఎంత ముద్దుగా దాచుకున్నారో, అనుకుని చీపురుతో ఊడ్చేసింది.

అప్పుడే ఆవిడకొక ఆలోచన వచ్చింది. కొత్తబట్ట అంచుకి పసుపు పెట్టకుండా తొడుక్కునే ఇల్లు కాదు వాళ్ళది. ఇన్నాళ్ళూ కొన్న పాతవాటికి ఆవిడ పసుపు పెట్టలేదు. విడిచిన బట్టకి పసుపేమిటని మనసు ఒప్పుకోలేదు. ఇప్పుడైతే పట్టు. పసుపు చుక్క లేకపోతే పిల్ల కనిపెట్టేస్తుంది. పైగా ఎవరూ తొడగలేదన్నాడు కదా. పావడ అంచుకీ, దావణి చెంగుకీ, జాకెట్టు లోపలి మడతకీ వేలితో పసుపు అద్దింది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. మెల్లగా వస్తున్నాయి, తడి కాళ్ళతో నడిచినట్టు. తలుపు తీసే ఉంది. గదిలోకి వచ్చి, తన వెనకే ఆగాయి.

లలితకుమారి తల తిప్పలేదు. దీపం గాలికి రెపరెపలాడుతుంటే ఒక చెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేత్తో బట్టలు వెనక్కి చాపింది.

"రామ్మా, వచ్చి కట్టుకో."

బట్టలు చేతిలోంచి తీసుకున్నారు. వేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి.

"తడిసిపోయావా? తల తుడుచుకో ముందు" అంది లలితకుమారి.

పట్టు గుడ్డ గరగరమంది... అంతలో కింద గేటు దగ్గర్నుంచి కేక వినిపించింది.

"అమ్మా! గొడుగు పట్టుకురావే! మెట్లదాకా నీళ్ళే!"

అది వెన్నెల గొంతు.

మెడ తిప్పడానికి ఎంతసేపు పట్టిందో ఆవిడకే తెలియదు. వెనక ఎవరూ లేరు. గచ్చు పొడిగా ఉంది. బట్టలు కుర్చీలో ఉన్నాయి. పొట్లంలో ఎలా మడిచి ఉన్నాయో అదే మడత మీద, ఆ అంచుల మీదే, పొందిగ్గా.

నేనే పెట్టి ఉంటాను, అనుకుంది. మనిషికి కావలసినప్పుడు మనసు అలాగే చెబుతుంది. గొడుగు తీసుకుని మెట్లు దిగింది.

ఆ రాత్రి కరెంటు వచ్చాక వెన్నెల తొడిగి చూసుకుంది. పావడ కుదిరింది. జాకెట్టు కుడివైపు అచ్చం దానికే కుట్టినట్టుంది. ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దాకా ఎక్కేసరికి గగనమైంది. ఎడమ భుజం కుట్టు కిందికి జారి ఉంది, చెయ్యి పొట్టిగా ఉంది.

"అమ్మా, చంక కింద పట్టేస్తోందే."

"పట్టు కదా, మొదట్లో అలాగే ఉంటుంది. వాడగా వాడగా అదే..."

"సర్దుకోదమ్మా ఇది. ఇక్కడ చూడు, చెమట మరక."

ఎడమ చంకలో లేత గోధుమరంగు మరక. అరచేతంత. లలితకుమారి గబగబా జాకెట్టు లాక్కుంది. "కొట్లో ఎవరో తొడిగి చూసుంటారు, పాడు మనుషులు. రేపు సరి చేయిస్తానులే" అంది. పిల్ల కళ్ళలోకి చూడలేకపోయింది.

మర్నాడు మెయిన్ రోడ్డులో చెల్లప్పన్ కొట్టుకి తీసుకెళ్ళింది. చెల్లప్పన్ టైలరు. కుట్టు ఎంత బాగుంటుందో నోరు అంత చెడ్డది. జాకెట్టు తిరగేసి చూసి తమిళంలో గొణిగాడు. ఎవరో చెయ్యి వంకరగా ఉన్న పిల్ల కోసం కుట్టింది ఇది, నీ కూతురికి ఎందుకు కొన్నావు, అన్నాడు. వెన్నెల బయట నిలబడి ఉందని లలితకుమారి నోటి మీద వేలు పెట్టి సైగ చేసింది. లోపల మడతలో గుడ్డ ఉంది. కుట్టు విప్పి ఎడమ చెయ్యి వదులు చేసి, ఆకుపచ్చ దారం ఒక్కటే మిగిలిందంటూ లోపలివైపు దాంతోనే కుట్టాడు. కొట్లోనే తొడిగించి చూశారు. సరిపోయింది.

ఇంటికొచ్చి తొడిగితే పట్టేసింది.

లలితకుమారి మళ్ళీ పట్టుకెళ్ళింది. చెల్లప్పన్ జాకెట్టు తిరగేసి, ఎగిరిపడ్డాడు. నా కుట్టు విప్పి ఇంకెవరి దగ్గరో కుట్టించి మళ్ళీ నా మొహాన పడేస్తావా అని అరిచాడు. లలితకుమారి చూసింది. ఆకుపచ్చ దారం లేదు. ఎక్కడా లేదు. పాత ఎర్ర దారం, చేత్తో వేసిన సన్నటి కుట్టు, మొదట ఎలా ఉందో అలాగే. ఎంత బతిమాలినా చెల్లప్పన్ మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

వేరేది కొనే సమయం లేదు. "సరిపోకపోతే వెనక వరసలో నిలబడతాలేమ్మా" అంది వెన్నెల, గోడవైపు తిరిగి. ఆ మాటకి లలితకుమారి ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు. ఎవరి మీదో ఆవిడకే తెలియదు. "రోజూ కాసేపు తొడుక్కుని కూర్చో. ఒంటికి అలవాటవుతుంది" అంది.

పిల్ల చెప్పినట్టే చేసింది. బడి నుంచి రాగానే తొడుక్కుని కూర్చునేది. మొదట్లో మూలిగింది. తర్వాత మూలగడం మానేసింది. మూలగడం లేదు కదా అని తల్లి సంతోషించింది. అంతకంటే చేదైన సంగతి ఈ కథలో లేదు.

విమోచన దినం పొద్దున లలితకుమారి లేచేసరికి వెన్నెల తయారై నిలబడి ఉంది. తనకు తానుగా ఏనాడూ ఓణీ వేసుకోవడం చేతకాని పిల్ల. ఇవాళ దావణిని నడుం చుట్టూ తిప్పి, చెంగు బిగించి దోపింది. ఆ కట్టు లలితకుమారి ఎప్పుడూ చూడలేదు. జాకెట్టు ఒంటికి అతుక్కుపోయినట్టు కుదిరింది. ఒక్క ముడత లేదు.

"పట్టేస్తోందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"చూశావా, నేను చెప్పలేదూ!" అంది లలితకుమారి, మురిసిపోతూ.

వాన తెరిపి ఇచ్చింది. సముద్రం ఒడ్డున జనం కిటకిటలాడుతున్నారు. ముందు వరసలో తన కూతుర్ని చూసుకుని లలితకుమారి కళ్ళు తుడుచుకుంది. పిల్లలందరి చేతులూ ఒక్కసారి పైకి లేస్తుంటే వెన్నెల ఎడమ చెయ్యి మాత్రం సగం దాకా లేచి ఆగుతోంది. మళ్ళీ లేచింది, మళ్ళీ అక్కడే ఆగింది. నాట్యం అయ్యాక టీచరు వచ్చి, "అమ్మాయి చేతికి ఎప్పుడు దెబ్బ తగిలింది? ముందే చెప్పాల్సింది కదండీ" అంది.

ఇంటికొచ్చాక వెన్నెల బట్టలు మార్చుకోలేదు. పరుపు ఉండగా, గోడ వారగా చాప మీద ముడుచుకుని పడుకుంది. లలితకుమారి దగ్గరికెళ్ళి కూర్చుంది. అప్పుడు చూసింది. ఎడమ భుజం కిందికి దిగి ఉంది. అది జాకెట్టు కుట్టు కాదు. భుజమే. మోచెయ్యి పట్టుకుని చాపబోతే సాగలేదు. ఎప్పుడో విరిగి, వంకరగా అతికిన ఎముకలా బిర్రుగా ఉంది.

"వెన్నెలా... నొప్పిగా ఉందా?"

పిల్ల కళ్ళు తెరిచింది.

"ఏంది?" అంది.

లలితకుమారి చెయ్యి వదిలేసింది. యానాంలో పుట్టిన పిల్ల ఏనాడూ అనని మాట అది. ఆ యాస విన్నది ఒక్కచోటే... అలాంటి తెలుగు మాట్లాడింది ఒక్కడే.

ఇళవరసన్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. చేస్తూనే ఉంది. చివరికి వాడే చేశాడు.

"అక్కా, ఆ పావడ మీ దగ్గరే ఉండాదా? అవ్వకు తెలిసిపోయింది. ఇప్పుడే ఎత్తుకోని రాక్కా. ఎవురూ తొడగలేదు కదా?"

లలితకుమారి ఒక చుడీదార్ సంచిలో కుక్కుకుని, చాప మీంచి పిల్లను లేవదీసింది.

స్కూటర్ మీద మురుంగపాక్కం చేరేసరికి సందె చీకటి పడింది, మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. పాత పెంకుటిల్లు. ఇళవరసన్ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. లోపల కొయ్య పెట్టె ముందు దీపం పెట్టుకుని వాళ్ళ అవ్వ జయమ్మాళ్ కూర్చుని ఉంది. పెట్టె మూత తెరిచి ఉంది. లోపల ఖాళీ. వెన్నెలను చూడగానే ముసలావిడ చేతులు నేల మీద ఆన్చి లేవబోయి, లేవలేక అక్కడే కూలబడింది.

"రంగూ..." అంది.

వెన్నెల ఆవిడ వైపు చూస్తూ ఉంది. నవ్విందో లేదో దీపం వెలుగులో తెలియలేదు.

"ఎవరమ్మా రంగు?" అంది లలితకుమారి.

"మా అక్క. రంగమ్మాళ్. ఈ బిడ్డ వయసులో పోయింది. కన్నెగా పోయినోళ్ళకు ఏటా ఆడి మాసంలో కొత్త పావడ పెట్టి కొలస్తాము మేము. పాతది ఇంటి ఆడబిడ్డకు ఇస్తాము. ఇది ఈ ఏటిది. నేను ఊర్లో లేని వేళ ఈ పాడు నాయాలు ఎత్తకపోయి అమ్మేసినాడు." ముసలావిడ ఊపిరి తీసుకుంది. "నేను నడిపిదాన్ని. మా అక్క పెద్దదే, అయినా మా చిన్నమ్మ బిడ్డలు విడిచినవే దానికి. పుట్టినప్పుడు నుంచి ఒక్క కొత్తగుడ్డ ఎరగదు. ఒక్కటీ దానికి కుదిరింది లేదు. చిన్నప్పుడు చెయ్యి విరిగి వంకరపోయింది, ఆ చేతికి ఏ చొక్కా ఎక్కదు. ఏడిస్తే మా అమ్మ కొట్టేది, సర్దుకోమని. అందుకే పోయినాక దాని కొలతకే కుట్టిస్తాము. వంకర చేతికి సరిగా."

"ఎవరూ తొడగలేదన్నాడు మీ మనవడు. మరి చంకలో చెమట మరక..."

"అది వస్తాది కదమ్మా" అంది జయమ్మాళ్, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "పసుపు పెట్టి, రామ్మా కట్టుకో అని పిలస్తాము. వచ్చి తొడిగి పోతాది. నువ్వేమైనా పసుపు పెట్టినావా? పిలిచినావా?"

లలితకుమారి తలూపింది.

జయమ్మాళ్ దీపం వత్తి ఎగదోసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "బిడ్డను లోపలికి తీసకపోయి విప్పించు. విప్పేటప్పుడు బిడ్డ తన నోటితో చెప్పాల. ఇది ఒకరి బట్ట, నాది కాదు, తీసుకో అని. బిడ్డకు తెలుసు కదా ఇది కొన్న పాతదని?"

లలితకుమారి వెన్నెల వైపు చూసింది. పిల్ల గుమ్మానికి ఆనుకుని వింటోంది. బయట ఇళవరసన్ కూడా వింటున్నాడు. ముక్కూ మొహం తెలియని వీళ్ళందరి ముందూ... ఇన్నాళ్ళూ నేను తొడిగించినవన్నీ ఒకళ్ళు విడిచినవేనని పిల్లకి ఇప్పుడు చెప్పాలా? ఆ సిరా మరక రోజున ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది.

"తెలుసు" అంది. "కాని దానికి ఒంట్లో బాగోలేదండీ. నేను చెప్తాను. తల్లిని కదా, చాలదూ?"

జయమ్మాళ్ సందేహంగా చూసింది. "చాలునేమో. నాకేం తెలుసు? ఇట్ల ఎప్పుడూ జరగలేదు."

చిన్న గదిలో లలితకుమారే హుక్కులు విప్పింది. ఎడమ చేతి దగ్గర గుడ్డ చర్మంతో పాటు వస్తుందేమోనన్నంత బిగువుగా ఉంది. "ఇది ఒకరి బట్ట, మాది కాదు, తీసుకో" అని పిల్ల చెవికి అందకుండా గొణిగింది. ఒక్కసారిగా జాకెట్టు వదులై చేతిలోకి వచ్చేసింది. వెన్నెల నిట్టూర్చింది. సంచిలో తెచ్చిన చుడీదార్ తొడిగి, తల నిమిరింది.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

వెన్నెల తలూపింది. బాగుందన్నట్టే.

జయమ్మాళ్ బట్టలు పెట్టెలో పెట్టి మూత వేసింది. దారి పొడవునా వెన్నెల స్కూటర్ మీద తల్లి నడుం పట్టుకుని కూర్చుంది. ఒక్క చేత్తోనే. లలితకుమారి దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ బండి నడిపింది. ఇక జన్మలో పాతబట్ట కొనననుకుంది. ఇంటికి రాగానే ఫోన్లోంచి ఆ యాప్ తీసేసింది.

తెల్లవారింది. వాన వెలిసి ఎండ కాసింది. లలితకుమారి పెనం మీద దోసె పోసింది. వెన్నెల స్నానం చేసి, యూనిఫాం వేసుకుని వచ్చి అద్దం ముందు నిలబడింది. ఆ యూనిఫాం ఒక్కటే నిజంగా కొత్తది. చెల్లప్పన్ దగ్గర కొలిచి కుట్టించింది. మొన్నటిదాకా చక్కగా ఉన్నదే.

ఇప్పుడు చొక్కా ఎడమ చెయ్యి వేళ్ళ దాకా వేలాడుతోంది. మెడ ఒకవైపుకి జారిపోతోంది.

ఫోన్ మోగింది. జయమ్మాళ్.

"అమ్మా, పెట్టెలో ఏదో సద్దు వస్తా ఉండాది. ఎలకనుకుంటి. కాదు. ఆడబిడ్డ గొంతు. మా అక్కది కాదమ్మా ఆ గొంతు... మీ పక్క మాట మాదిరి ఉండాది. నాకు చెవులు సరిగా వినపడవు. నువ్వు విను." ఫోన్ పెట్టె దగ్గర పెట్టినట్టుంది.

పట్టు గరగర. తర్వాత నిశ్శబ్దం. తర్వాత, చాలా దూరం నుంచి, మూత కింద నుంచి...

"అమ్మా... చంక కింద పట్టేస్తోందే... విప్పెయ్యవే..."

అట్లకాడ చేతిలోంచి జారిపోయింది. లలితకుమారి అద్దంలోకి చూసింది.

అక్కడి పిల్ల భుజం సవరించుకుంటోంది. యూనిఫాం గుడ్డని కాదు. మోచేతి దగ్గర చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, చొక్కా చెయ్యి లాక్కున్నట్టు కిందికి లాక్కుంటోంది. అద్దంలోనే తల్లి కళ్ళలోకి చూసింది. నెమ్మదిగా, బెదిరిన మనిషికి సర్దిచెప్పినట్టు చెప్పింది.

"కొంచెం బిగువుగా ఉండాది. పరవాలేదులేమ్మా. వాడగా వాడగా అదే సర్దుకుంటాది. ఒకరు విడిచింది నాకు అలవాటే."

పెనం మీద దోసె మాడుతోంది. ఫోన్లో పిలుపు ఇంకా వినిపిస్తూనే ఉంది.